మొగిలి ఘాట్‌లో ఫ్యాన్ స్విచ్ లెక్క

రేడియేటరు ఫ్యాను స్విచ్ చేసే పని ఒక్కటే. కూలెంటు ఒక వేడికి చేరగానే ఫ్యాను తిప్పాలి, కాస్త చల్లబడ్డాక ఆపాలి. చూడటానికి బొటనవేలంత ఇత్తడి ముక్క. చాలావాటి మీద రెండు అంకెలు చెక్కి ఉంటాయి. 92-87 అనో, 95-90 అనో. మొదటిది ఫ్యాను తిరగాల్సిన డిగ్రీ, రెండోది ఆగాల్సిన డిగ్రీ. పాత బండి వేడెక్కిందంటే మొదట నింద పడేది ఈ ముక్క మీదే. కానీ ఆ రెండు అంకెలను మాత్రమే చూసి తీర్పు చెప్పడం కుదరదు. పక్కనున్న థర్మోస్టాట్ ఎంతకు తెరుచుకుంటుంది, రేడియేటరు మూత ఎంత ఒత్తిడి నిలుపుతుంది, బండి ఎంత ఎత్తులో ఉంది అన్నవి కూడా కలిపితేనే తప్పు ఎవరిదో తేలుతుంది.

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం, మొగిలి మీదుగా పలమనేరు పోయే దారి ఈ లెక్క చేసి చూడటానికి సరిగ్గా సరిపోతుంది. ఒకప్పుడు నాలుగో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 69వది. దాదాపు 40 కిలోమీటర్లు. చిత్తూరు సముద్రమట్టానికి 330 మీటర్ల చుట్టుపక్కల ఉంటే, పలమనేరు 680 మీటర్ల పైచిలుకు. అంటే బండి సుమారు 350 మీటర్లు పైకెక్కాలి. అందులో గట్టి ఎక్కుడు మొగిలి ఘాట్‌ది.

ఇక్కడ పాత బండి అంటే నేను చెప్పేది మారుతి 800 గురించి. అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ ఫ్యాను ఇంజనుతో పాటే బెల్టు మీద తిరుగుతుంది, స్విచ్ గొడవే లేదు. మారుతిలో ఇంజను అడ్డంగా కూర్చుంది కాబట్టి బెల్టు వైపు రేడియేటరుకు ఎదురుగా రాదు. అందుకని ఫ్యానుకు విడిగా కరెంటు మోటారు పెట్టారు, దానికి కాపలాగా ఈ స్విచ్ వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు అందాయి. 1986లో ఆకారం మారింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. మధ్యలో పాతిక లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోయాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఏపీ 03 నంబరుతో ఇప్పటికీ చిత్తూరు పల్లెల్లో పాలకూ పెళ్లికీ ఇదే తిరుగుతోంది. చట్టం దృష్టిలో మాత్రం ఇదింకా పాతకాలపు బండి కాదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ కింద లెక్క. మొట్టమొదటి మారుతికైనా 2033 డిసెంబరు దాకా ఆ యోగం లేదు. ఏం, గారాబం చేయడానికి చట్టం ఒప్పుకోవాలా?

ఎక్కుడులో పుట్టే వేడి

మారుతి ఖాళీ బరువు 650 కిలోలు. నలుగురు మనుషులు, కాస్త సామాను కలిపి 950 అనుకుందాం. అంత బరువును 350 మీటర్లు పైకి మోయడానికి 32 లక్షల జౌళ్ల పైచిలుకు పని కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 3.2 కోట్ల జౌళ్ల శక్తి ఉంటుంది. కానీ ఆ ఇంజను అందులో పావు వంతే చక్రాలకు అందిస్తుంది. కాబట్టి కేవలం ఎత్తు ఎక్కినందుకే దాదాపు 400 మిల్లీలీటర్ల పెట్రోలు అదనంగా కాలుతుంది. కాలినదాంట్లో ఉజ్జాయింపుగా 30 శాతం వేడి కూలెంటులోకి పోతుంది. లెక్క వేస్తే 40 లక్షల జౌళ్లు. ఒక బిందెడు చన్నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి అది. చదును రోడ్డు మీద మామూలుగా పుట్టే వేడికి ఇది అదనం. దాన్నంతా ఆ చిన్న రేడియేటరు గాలికి వదిలేయాలి.

గాలి చల్లగా ఉంటే పని సులువు. కూలెంటు 95 డిగ్రీల్లో, బయట గాలి 30లో ఉంటే తేడా 65. మే నెల మధ్యాహ్నం గాలి 42కు చేరితే తేడా 53కు పడిపోతుంది. రేడియేటరు వదిలే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, ఏమీ చెడిపోకుండానే దాని శక్తి 18 శాతం తగ్గిపోయినట్టు. పైగా ముందున్న లోడు లారీ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే ఎదురుగాలి ఉండదు. అప్పుడు గాలి లాగేది ఫ్యాను ఒక్కటే.

ఘాట్ కాకుండా ఇంకో పరీక్ష బంగారుపాళ్యంలోనే ఉంది. తోతాపురి మామిడికాయ దిగే జూన్, జూలై నెలల్లో మార్కెట్ యార్డు ముందు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. 2025లో ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చిన సీజన్‌లో ఆ వరుసలు ఎంత దూరం సాగాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వరుస పక్కన ఇంజను ఆపకుండా నిలబడ్డ బండి గంటకు అర లీటరు పైనే పెట్రోలు తాగుతుంది. కూలెంటులోకి ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్ల వేడి పోతుంటుంది. ఫ్యాను తిరగకపోతే నిమిషానికి ఒకటి, ఒకటిన్నర డిగ్రీ చొప్పున ముల్లు పైకి పోతుంది. పావుగంటలో సంగతి తేలిపోతుంది.

దీన్నుంచి మొదటి పరీక్ష పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. బండి 50 కిలోమీటర్ల వేగం దాటి పోతున్నప్పుడు ఎదురుగాలే చాలు, ఫ్యాను అవసరం దాదాపు ఉండదు. కాబట్టి నిలబడ్డప్పుడు వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతుంటే ఫ్యాను వైపు చూడాలి. స్విచ్, వైరు, మోటారు, ఫ్యూజు, వీటిలో ఒకటి. నిలబడ్డప్పుడు బాగుండి, చదును రోడ్డు మీద 70లో పోతుంటే వేడెక్కుతోందా, స్విచ్ జోలికి పోవద్దు. రేడియేటరు లోపల పూడిపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటుండొచ్చు, వాటర్ పంపు బలహీనపడి ఉండొచ్చు. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా స్విచ్ కొనేవాళ్లే ఎక్కువ.

మూత సంగతి

నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని బడిలో చదువుకున్నది సముద్రమట్టం దగ్గర మాట. సుమారు 300 మీటర్లు పైకి పోతే ఒక డిగ్రీ తగ్గుతుంది. పలమనేరులో తెరిచిన గిన్నెలో నీళ్లు 97.7 దగ్గరే మరిగిపోతాయి. రేడియేటరులో అలా జరగకుండా చూసేది మూత. సుజుకి బండ్ల మూతల మీద సాధారణంగా 0.9 అని ఉంటుంది, చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి అని. ఆ ఒత్తిడి నిలిస్తే పలమనేరు ఎత్తులో కూడా ఉత్త నీళ్లు 117 దాకా మరగవు.

ఇప్పుడు ఈ అంకెలన్నీ ఒకే వరుసలో పెట్టండి. సుజుకి థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి 95కు పూర్తిగా తెరుచుకుంటుంది. కొన్ని 88వి ఉంటాయి, దాని అంచు మీద చూస్తే తెలుస్తుంది. ఫ్యాను 95కు తిరుగుతుంది. మరుగు 117 దగ్గర. ఫ్యాను మొదలైనప్పటి నుంచి ప్రమాదం దాకా 22 డిగ్రీల జాగా ఉంది. ఫ్యాను కాస్త ఆలస్యమైనా కొంప మునగదు.

అదే మూత లోపలి రబ్బరు ఎండి పగిలిపోయి ఒత్తిడి నిలవకపోతే? మరుగు 97.7కు దిగిపోతుంది. జాగా 22 నుంచి మూడు డిగ్రీల లోపుకు వచ్చేసింది. ఫ్యాను తిరగడం మొదలవుతూనే సిలిండర్ల చుట్టూ ఉన్న నీళ్లు బుడగలు కడతాయి. యజమానికి కనిపించేది ఇది: నీళ్లు పొంగాయి, అప్పటికి ఫ్యాను తిరగలేదు. వెంటనే కొత్త స్విచ్. అదీ 95కే తిరుగుతుంది. మళ్లీ పొంగుతుంది. దాంతో 'ఈ మధ్య వచ్చే స్పేర్లన్నీ డూప్లికేటే' అని తిట్టుకోవడం. చిత్తూరులో ఏమీ కాని బండి పలమనేరులో పొంగడానికి ఆ తగ్గిన ఒకటీ అర డిగ్రీ కూడా ఒక కారణమే. నన్నడిగితే పాత మారుతికి స్విచ్ కంటే ముందు మార్చాల్సింది మూత. స్విచ్‌ను పరీక్షించవచ్చు, మూతను ఇంట్లో పరీక్షించడం కష్టం, పైగా అది స్విచ్ కంటే చవక.

కూలెంటు పాత్ర కూడా ఇక్కడే. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపితే మూత లేకపోయినా మరుగు ఆరేడు డిగ్రీలు పైకి జరుగుతుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంటు ఎందుకనేవాళ్లకు ఒక జవాబు అది. రెండో జవాబు బోరునీళ్లు. లోతు బోర్ల నుంచి వచ్చే ఉప్పునీళ్లు పోస్తూ పోతే రేడియేటరులో తెల్లటి పొర కడుతుంది. అదే పొర స్విచ్ ముక్కు మీదా కడుతుంది. ఇత్తడి వేడిని ఎంత సులువుగా పంపుతుందో సున్నపు పొర అందులో దాదాపు యాభయ్యో వంతు కూడా పంపదు. స్విచ్ లోపల అంతా బాగానే ఉంటుంది, కానీ బయటి కబురు దానికి ఆలస్యంగా చేరుతుంది. పొర కట్టిన స్విచ్‌ను కత్తితో గీకొద్దు. ఇత్తడి చెంబు తోమినట్టే చింతపండు పులుసులో కాసేపు నానబెట్టి కడిగితే సరి.

రెండు వైర్లు కలిపి చూడటం

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజను చల్లగా ఉండగా స్విచ్ టెర్మినళ్ల దగ్గర కప్పు తీయండి. రెండు వైర్లున్నవి కొన్ని, ఒకే వైరు ఉన్నవి కొన్ని. తాళం ఆన్ చేసి, రెండు వైర్లనూ చిన్న తీగముక్కతో కలపండి. ఒకే వైరు అయితే దాన్ని ఇంజను లోహానికి తాకించండి. ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది కాబట్టి చేతులు, తువ్వాలు, కొంగు దూరంగా ఉండాలి. పాత మారుతుల్లో తాళం లేకపోయినా తిరిగేలా ఎవరైనా వైరు మార్చి ఉండొచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి.

తిరిగిందంటే మోటారు, ఫ్యూజు, వైరు బాగున్నట్టే. అనుమానం స్విచ్ మీదికి, లేదా స్విచ్ దాకా వేడి నీళ్లు చేరకపోవడం మీదికి వస్తుంది. తిరగకపోతే స్విచ్ నిర్దోషి. ఫ్యూజు చూడాలి. మోటారు దగ్గర పన్నెండు వోల్టులు వస్తున్నాయా, ఎర్తు ఉందా చూడాలి. రెండూ ఉండి తిరగకపోతే మోటారు బ్రష్షులు అరిగిపోయినట్టు.

తిరిగినా ఇంకొక్కటి చూడాలి, ఎటు ఊదుతోందని. కరెంటు మోటారు వైర్లు తారుమారైతే రెక్కలు వెనక్కి తిరుగుతాయి. ఎవరో ఎప్పుడో మోటారు మార్చి కనెక్టరు కోసి అతికి ఉంటే ఇది జరిగేదే. గ్రిల్లు ముందు పాత న్యూస్‌పేపరు పెట్టండి. రేడియేటరు వైపు అతుక్కుంటే సరిగ్గా లాగుతోంది. ఎగిరి ముఖం మీద పడితే గాలి ముందుకు పోతోంది. నిలబడ్డప్పుడు అంతంతమాత్రం చల్లబరిచి, పరుగులో ఎదురుగాలితో కొట్లాడే ఫ్యాను అది.

స్విచ్ దాకా వేడి చేరకపోవడం రెండు రకాలు. కూలెంటు తగ్గితే స్విచ్ ముక్కు నీళ్లలో కాకుండా ఆవిరిలో ఉంటుంది. ఆవిరి దాన్ని సరిగా వేడి చేయదు. థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకుంటే, రేడియేటరులో కూర్చున్న స్విచ్ చల్లటి నీళ్లలో హాయిగా ఉంటుంది, అవతల ఇంజను ఉడికిపోతుంటుంది. ముల్లు ఎర్రగీత దగ్గరున్నా కింది హోసు పట్టుకుంటే చల్లగా ఉందంటే కథ అదే. ముల్లుకు సమాచారం ఇచ్చే సెండరు వేరు, ఫ్యాను తిప్పే స్విచ్ వేరు. రెండూ ఇత్తడివే, రెండూ ఒకే పోలికలో ఉంటాయి. ఒకదానికి బదులు ఇంకొకటి మార్చి 'కొత్తది వేసినా తిరగలేదు' అనుకోవడం మామూలే.

వేడి కొలవడానికి కొందరు కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు తీస్తారు. అది మనిషి ఒంటి వేడికి చేసింది, 43 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. దానికీ ఒక జబ్బుంది. మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. చూడాల్సిన చోట నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దానికి గురిపెడితే అంకె నమ్మవచ్చు.

'డైరెక్టు' ఖరీదెంత

ఈ దారిలో ఏ షెడ్డుకు పోయినా వినపడే పరిష్కారం ఒకటుంది.

"అన్నా, స్విచ్ తీసి పారేసినా. ఫ్యాను డైరెక్టు చేసేసినా. తాళం తిప్పితే తిరగతా ఉంటాది. ఇంగ నీకు ఏ బాధా లేదు."

"పెట్రోలు తాగదా రెడ్డీ?"

"యాడ తాగుతాది, ఫ్యానే కదన్నా!"

మెకానిక్కును తిట్టే ముందు లెక్క చూద్దాం. 80 వాట్ల ఫ్యాను అనుకుంటే, ఆల్టర్నేటరు వోల్టేజి 13.5 దగ్గర అది 6 ఆంపియర్లు లాగుతుంది. ఆల్టర్నేటరు సగం, ఇంజను ముప్పావు శక్తిని పోగొట్టుకుంటాయని లెక్కిస్తే, 80 వాట్ల కోసం పెట్రోలు నుంచి 650 వాట్ల దాకా కావాలి. గంటకు 70 మిల్లీలీటర్ల చిల్లర. లీటరు 110 రూపాయల లెక్కన గంటకు ఎనిమిది రూపాయల లోపే. మెకానిక్కు చెప్పింది దాదాపు నిజమే. ఇంజను మరీ చల్లబడిపోతుందన్న భయం కూడా థర్మోస్టాట్ ఉన్నంతవరకు ఉత్తదే. 82కు ముందు అది రేడియేటరు వైపు దారి ఇవ్వదు, బయట ఫ్యాను ఎంత తిరిగినా సరే.

నష్టం వేరేచోట ఉంది. రోజుకు కొద్ది నిమిషాలు తిరగాల్సిన మోటారు బండి నడిచినంతసేపూ తిరుగుతుంది, బ్రష్షులు అంతే వేగంగా అరుగుతాయి. చివరికి అవి ఘాట్ మధ్యలో, చెప్పకుండా ఆగిపోతాయి. డైరెక్టుతో పాటు 'వాల్ తీసేసినా' అని థర్మోస్టాట్ కూడా పీకేస్తే మాత్రం పెద్ద తప్పు. అప్పుడు కార్బొరేటరు ఇంజను 80కి ఎప్పటికీ చేరదు, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఇక తాళంతో పని లేకుండా బ్యాటరీ నుంచే సూటిగా వైరు లాగితే, బండి ఆపి మరిచిపోయిన రోజున 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదారు గంటల్లో పూర్తిగా ఖాళీ, అంతకు సగం సమయంలోనే స్టార్టు కావడం అనుమానం. బ్యాటరీ తయారుచేసే అమరరాజా ఫ్యాక్టరీ బంగారుపాళ్యం మండలం నూనెగుండ్లపల్లెలోనే ఉంది కదా అని ఊరట పడలేం! అన్నిటికంటే ప్రమాదం ఫ్యూజు లేకుండా లాగిన వైరు. ఇంటికి చేరడానికి డైరెక్టు మంచి ఉపాయం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ వైరుకు బ్యాటరీ వైపు చివర 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిందే.

గిన్నెలో పరీక్ష

స్విచ్ మీదే అనుమానం మిగిలితే దాన్ని విప్పి చూడొచ్చు. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక మాత్రమే. విప్పగానే కూలెంటు కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి.

వంటకు మళ్లీ వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, స్విచ్ ముక్కు ఒక్కటే మునిగేలా దారంతో వేలాడదీయండి. టెర్మినళ్లు పైకి, పొడిగా ఉండాలి. గిన్నె అడుగుకు తగలకూడదు, అడుగు నీళ్ల కంటే వేడిగా ఉంటుంది. మల్టీమీటరును బీప్ మీద పెట్టి టెర్మినళ్లకు తగిలించండి. పక్కనే థర్మామీటరు. సన్నటి మంట మీద నెమ్మదిగా వేడెక్కనివ్వండి. 90 దాటాక మంట ఇంకా తగ్గించండి. ఒకచోట లోపల టక్‌మని చిన్న చప్పుడు, బీప్. ఆ డిగ్రీ రాసుకోండి. మంట ఆపి చల్లారనిస్తే ఇంకోచోట బీప్ ఆగుతుంది. అదీ రాసుకోండి.

లోపల టక్‌మనేది రెండు లోహాలు అతికిన చిన్న పళ్లెం. ఒక్కో డిగ్రీకి ఇత్తడి పొడవు పది లక్షల్లో 19 వంతులు పెరిగితే, ఇన్వార్ అనే నికెల్ ఉక్కు ఒక వంతు పైచిలుకే పెరుగుతుంది. ఆ ఇన్వార్ కనిపెట్టినందుకే గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్తకు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇలా పెరుగుదలలో బాగా తేడా ఉన్న రెండు లోహాలు కలిసి ఉంటే పళ్లెం వంగాలని చూస్తుంది, ఒక దశలో ఒక్కసారిగా అటు తిరగబడుతుంది. మళ్లీ ఇటు తిరగబడటానికి ఐదారు డిగ్రీలు చల్లబడాలి. ఆ తేడా కావాలనే పెట్టింది. అది లేకపోతే ఫ్యాను 95 దగ్గర నిమిషానికి పదిసార్లు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది.

చెక్కిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూఇటూ తిరిగితే స్విచ్ బాగున్నట్టే. ఇల్లంతా వెతికి తెచ్చిన థర్మామీటరులోనే ఒక డిగ్రీ తేడా ఉంటుంది. తిరిగే, ఆగే డిగ్రీల మధ్య ఎడం పన్నెండు, పదిహేనుకు పోయిందంటే పళ్లెం అలసిపోయింది. చల్లటి నీళ్లలోనే బీప్ వస్తుంటే కాంటాక్టులు అతుక్కుపోయాయి.

ఇక్కడ ఎత్తు మళ్లీ అడ్డం వస్తుంది. పలమనేరులో నీళ్లు 97.7కు మించి వేడెక్కవు, ఎంత మంట పెట్టినా సరే. 92 స్విచ్‌నో 95 స్విచ్‌నో పరీక్షించడానికి అవి చాలు. కానీ స్విచ్ మీద 98 లేదా 100 అని ఉంటే, గిన్నెలో అది ఎన్నటికీ పలకదు. నిక్షేపంలాంటి స్విచ్‌ను చెత్తబుట్టలో వేస్తారు. అలాంటప్పుడు నీళ్లకు బదులు శనక్కాయ నూనె. అందులో తడి చుక్క కూడా ఉండకూడదు, 110 దాటనివ్వొద్దు, తర్వాత స్విచ్‌ను సబ్బుతో కడిగేయాలి.

ఇంకో సంగతి, కొత్త స్విచ్ కొనేటప్పుడు మర సరిపోయిందని తెచ్చుకోవద్దు. ఒకే మర కొలతతో వేర్వేరు డిగ్రీల స్విచ్‌లు వస్తాయి. పాతదాని మీద అంకె చూసుకుని అడగాలి. ఒకే వైరు స్విచ్‌కు ఎర్తు దాని మరల గుండానే పోతుంది. అలాంటిదానికి లీకు కాకూడదని తెల్ల టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఎర్తు తెగి, కొత్త స్విచ్ కూడా పనిచేయనట్టే కనపడుతుంది. రాగి వాషరు చాలు.

గిన్నెలో నెగ్గి బండిలో ఓడేవి

కొన్ని స్విచ్‌లు గిన్నెలో సరిగ్గా 95కు బీప్ అంటాయి, బండిలో పెడితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. బీప్ అనడానికి మల్టీమీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ఫ్యాను లాగేది 6 ఆంపియర్లు. టెర్మినల్ మీద పచ్చటి చిలుము పట్టి 0.3 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. మల్టీమీటరు దాన్ని పట్టుకోలేదు, దాని సొంత వైర్లలోనే అంత ఉంటుంది. కానీ 6 ఆంపియర్లు దాని గుండా పోతే 1.8 వోల్టులు అక్కడే పోతాయి. 13.5లో ఫ్యానుకు చేరేది 11.7. వేగం పదమూడు శాతం దాకా తగ్గుతుంది, ఎండాకాలం మధ్యాహ్నం ఆ పదమూడే కావాల్సింది. పోయిన 1.8 వోల్టులు ఊరికే పోవు, దాదాపు 11 వాట్ల వేడిగా మారి ఆ చిన్న టెర్మినల్‌ను కాలుస్తాయి. కనెక్టరు తెల్లదై ఉండి, ఒక గాడి చుట్టూ మాత్రం బెల్లం రంగుకు తిరిగి, కాస్త కరిగి వంగి కనిపిస్తే ఇదే జబ్బు.

పట్టుకునే పద్ధతి: ఫ్యాను తిరుగుతుండగా మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి స్విచ్ రెండు వైర్లకూ తగిలించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే కాంటాక్టో టెర్మినలో పాడైంది. అదే పద్ధతిలో మోటారు ఎర్తు వైరు, ఫ్యూజు రెండు కొసలు కూడా చూడొచ్చు. సన్న వైరు కూడా ఇదే దొంగతనం చేస్తుంది. అర చదరపు మిల్లీమీటరు వైరు పోనూ రానూ నాలుగు మీటర్లు లాగితే 6 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టుకు కాస్త తక్కువ తినేస్తుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే 0.3 వోల్టే.

శాశ్వత మందు రిలే. ఆటో ఎలక్ట్రికల్ షాపులో హారనుకు అడిగే మామూలు రిలే చాలు. దాని కాయిలుకు కావాల్సింది 0.15 ఆంపియరు చుట్టుపక్కల, అంటే ఫ్యాను కరెంటులో నలభయ్యో వంతు. 30 నంబరు పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వైరు, 87 నుంచి ఫ్యానుకు, 86కు తాళం నుంచి వచ్చే కరెంటు, 85 నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి ఎర్తుకు. ఫ్యాను రెండో కొస బాడీ ఎర్తుకు పోవాలి. స్విచ్ లోపలి కాంటాక్టులు ఇక కాలే ప్రశ్నే లేదు, పాత స్విచ్ కూడా ఇంకొన్నేళ్లు లాగుతుంది. ఏసీ బిగించిన మారుతిలో కంప్రెసరు ఆన్ అయినప్పుడు తిరిగే ఫ్యానుకు వేరే తీగ ఉంటుంది, దాన్ని దీంతో కలపకూడదు.

ఇదంతా కార్బొరేటరు మారుతికి. ఇంజెక్షన్ బండి అయితే స్విచ్ బదులు కూలెంటు సెన్సారు ఉంటుంది, ఫ్యాను ఎప్పుడు తిప్పాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఆ సెన్సారుకు బీప్ పరీక్ష పనికిరాదు, ఓమ్‌లు కొలవాలి. 20 డిగ్రీల నీళ్లలో రెండున్నర కిలో ఓమ్‌ల చుట్టూ, 80 డిగ్రీల్లో 300 ఓమ్‌ల చుట్టూ చూపించాలి.

ఒకసారి గట్టిగా ఉడికిపోయిన బండికి మాత్రం స్విచ్ మార్చి వదిలేయకూడదు. సిలిండరు హెడ్ అల్యూమినియంది. సుజుకి దానికి ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్లు, మన తల వెంట్రుక మందం కంటే తక్కువే. నీళ్లు పోసిన రెండు రోజులకే మళ్లీ తగ్గుతున్నా, ఆయిలు డిప్‌స్టిక్ మీద తెల్లటి నురుగు కనిపించినా, పొద్దున స్టార్టు చేయగానే రేడియేటరులో బుడగలు లేచినా హెడ్ విప్పించి సమతలపు పట్టీ పెట్టి ఫీలర్ గేజితో కొలిపించాలి. 0.05 బ్లేడు దూరిందంటే హెడ్ లేతు షాపుకు పోవాల్సిందే.

అన్నీ అయ్యాక పరీక్ష మాత్రం పలమనేరులో చేయండి, చిత్తూరులో కాదు. ఘాట్ ఎక్కగానే బండి పక్కకు తీసి, ఇంజను ఆపకుండా, గన్‌తో టేపు మీద చూస్తూ నిలబడండి. ఫ్యాను తిరిగిన డిగ్రీ, ఆగిన డిగ్రీ, మధ్యలో పట్టిన సమయం బానెట్ లోపలివైపు పెయింటు పెన్నుతో రాసిపెట్టండి. ఫ్యాను మూడు నాలుగు నిమిషాల్లో ఆగితే రేడియేటరు శుభ్రంగా ఉన్నట్టు. పది నిమిషాలైనా ఆగకపోతే స్విచ్‌ను వదిలేసి రేడియేటరు రెక్కల మధ్య మట్టి, పురుగులు కడగడం మొదలుపెట్టండి.